పాప చెయ్యి బెణికిందా, విరిగిందా? రాత్రికే హాస్పిటల్‌కి వెళ్లాలా?

నమస్తే అండి, తిరుపతిలో ఉంటాం, పాపకి ఆరేళ్లు. సాయంత్రం పార్కులో జారుడుబండ మెట్ల మీద నుంచి పడింది, చెయ్యి కింద ఆనించడంతో బరువంతా కుడి మణికట్టు మీద పడిపోయింది. తల ఎక్కడా తగల్లేదు. వాపు కొంచెమే, వంకర లేదు, వేళ్లన్నీ కదుపుతోంది, గోరు నొక్కి వదిలితే ఎర్రదనం వెంటనే వస్తోంది, కానీ మణికట్టుకి కాస్త పైన బొటనవేలు వైపు ఎముక మీద ఒక్కచోట ముట్టుకుంటే చాలు చెయ్యి లాగేసుకుంటోంది, ఇష్టమైన బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చినా కుడిచెయ్యి ముందుకు రావట్లేదు, ఎడమచేత్తోనే తీసుకుంది, నా అనుమానమంతా అక్కడే.

మా అత్తేమో బెణుకేలే, పొద్దున్నే పుత్తూరు పోయి అక్కడి నాటువైద్యుల దగ్గర కట్టు కట్టిద్దాం అంటోంది, వాళ్ల తమ్ముడి కాలు అక్కడే బాగైందంట. నాకైతే ఎక్స్‌రే తీయకుండా కట్టు అస్సలు ఇష్టం లేదు. పిల్లల ఎముక చివర్ల దగ్గర పెరిగే భాగం ఉంటుంది కదా, దెబ్బ అక్కడ తగిలుంటే?

ప్రస్తుతానికి అట్ట ముక్క ఆనించి వదులుగా కట్టి చున్నీతో మెడకి వేలాడదీశా, గుడ్డలో చుట్టి ఐస్ పెట్టా, బరువుకి తగ్గట్టు పారాసెటమాల్ సిరప్ ఇచ్చా, పడుకుంది. వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరి అన్నా ఆగకుండా వెళ్తాం. అవేవీ లేకపోతే పొద్దున ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తే సరిపోతుందా? పిల్లలకి ఇలా జరిగినవాళ్లు, డాక్టర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్, అత్తకి కూడా చదివి వినిపిస్తా.