విడిభాగాలు దొరకని రోజుల్లో చైనును ముందే మార్చాలా, అరిగేదాకా నడపాలా?

నిదానయానం (చర్చ ప్రారంభం):

రోడ్డు సైకిలు మీద ఏటా వేల కిలోమీటర్లు తొక్కేవారి మధ్య ఎన్నటికీ తెగని తగవు ఒకటుంది. చైను 0.5 శాతం సాగగానే తీసేసి కొత్తది వేయాలా, లేక చైను, క్యాసెట్ (వెనుక చక్రానికుండే పళ్ళ చక్రాల గుత్తి), చైన్‌రింగులు (పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రాలు) మూడూ కలిసి అరిగిపోయేదాకా నడిపి ఒకేసారి మార్చాలా? సరుకు ధారాళంగా దొరికే రోజుల్లో ఇది ఖర్చుల లెక్క మాత్రమే. 2020 నుంచి 2022 దాకా సైకిళ్ళకు గిరాకీ ఒక్కసారిగా పెరిగి, సైకిలు విడిభాగాల సంస్థ షిమానోకు కర్మాగారం ఉన్న మలేసియా 2021 జూన్‌లో మళ్ళీ లాక్‌డౌన్‌లోకి వెళ్ళి, కంటైనర్లు రేవుల్లో నిలిచిపోయిన కాలంలో మాత్రం సైకిలు రోడ్డు మీద ఉంటుందా, గోడకు ఆనుకుని ఉంటుందా అన్నది ఈ నిర్ణయం మీదే ఆధారపడింది.

ముందే మార్చాలన్నది నా పక్షం. నేను ఆ రోజుల్లోనే బద్ధకించి, చైను ఒక శాతం దాటాక గానీ కొత్తది వేయలేదు. మొదటి ఎత్తులో సీటు మీంచి లేచి బలంగా తొక్కగానే చైను పళ్ళ మీద నుంచి ఎగిరి, పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరిగి, మోకాలు వెళ్ళి హ్యాండిల్‌బార్‌కు తగిలింది. కిందికి దిగి చూస్తే నేను ఎక్కువగా వాడే 13 పళ్ళ స్ప్రాకెట్ (క్యాసెట్‌లోని ఒక పళ్ళ చక్రం) మీద ప్రతి పన్నూ కొక్కెంలా ఒక వైపుకు వంగి ఉంది. కొత్త చైను దాని మీద కుదురుకోదు, పాత చైనును అప్పటికే పారేశాను, సరిపడే క్యాసెట్ కోసం ఏడు నెలలు ఎదురుచూశాను.

సాగడం అని అందరమూ అంటాం గానీ నిజానికి ఇనుము సాగదు. పిన్ను, దాని చుట్టూ తిరిగే లోపలి పలక అంచు ఒకదానినొకటి అరగదీసుకోవడం వల్ల 12.7 మిల్లీమీటర్లు ఉండవలసిన ఒక్కొక్క కీలు దూరం 0.5 శాతం అరుగుదల నాటికి సుమారు 12.76 అవుతుంది. అప్పుడు రోలర్లు పన్ను మొదట్లో కూర్చోకుండా పైకి పాకుతాయి, బరువంతా ఒకటి రెండు పళ్ళ మీదే పడుతుంది. గేర్ల సంఖ్య ఒకటే అయితే చైను ఏ సైకిలుకైనా దాదాపు ఒకే రకంగా పనికొస్తుంది, క్యాసెట్ అలా కాదు. కాబట్టి దొరికేదాన్ని బలిపెట్టి దొరకనిదాన్ని కాపాడుకోవాలన్నదే నా వాదన.

ఎదురుగాలి:

నిదానయానం గారి మోకాలికి నా సానుభూతి, కానీ ఆ ఉదాహరణ వారి వాదనను కాక నా వాదననే బలపరుస్తోంది. ఆ చైను అక్కడ ఎగిరింది అది కొత్తది కాబట్టి. పాత చైనును అలాగే ఉంచి ఉంటే, దానితో పాటే అరిగిన పళ్ళ మీద అది చప్పుడు చేస్తూనే ఇంకొన్ని వేల కిలోమీటర్లు తిరిగేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, సరిగ్గా కొరత ఉన్న సమయంలోనే వారు ఆ జోడీని విడదీశారు.

నేను వెనుక 10 గేర్లున్న సైకిలును ఒకే చైను, ఒకే క్యాసెట్‌తో నాలుగేళ్ళు నడిపాను. చివరి ఏడాది గేరు మారడం మందగించిన మాట నిజమే, అయినా ఒక్క రోజు కూడా ఇంట్లో కూర్చోలేదు. పైగా ప్రతివారూ అరుగుదల సగంలోనే చైను మార్చితే, కొరత ఉన్న సరుకుకు గిరాకీని మనమే రెట్టింపు చేసినట్టు అవుతుంది.

ఇంకో మాట. ఆ కొరతలో నా మిత్రుల సైకిళ్ళు ఆగింది చైను లేక కాదు. ఒకరికి డిరైలర్ హ్యాంగర్ (వెనుక గేరు మార్చే పరికరాన్ని ఫ్రేముకు తగిలించే ముక్క) వంగింది, ఆ ఫ్రేముకు తప్ప మరి దేనికీ పట్టని ముక్క అది. ఇంకొకరికి షిఫ్టర్ (గేరు మార్చే మీట) లోపల కేబుల్ పోగులు పోగులుగా విడిపోయి, తెగిన తల లోపలే ఇరుక్కుంది. 1.8 మిల్లీమీటర్ల మందంతో వచ్చిన డిస్క్ రోటర్ (బ్రేకు పట్టే లోహపు పళ్ళెం) 1.5 దగ్గర మార్చవలసి ఉన్నా దొరక్క, మరొకరు బ్రేకు వాడడానికి భయపడుతూ తొక్కారు. మనమేమో చైను చుట్టూ తిరుగుతూ ఉంటాం.

గేరుమాట:

వృత్తిరీత్యా రోజూ చైన్లు కొలిచేవాణ్ణి కాబట్టి ఇద్దరూ దాటేసిన ఒక విషయం చెబుతాను. మీరు 0.5 శాతం అంటున్నది దేనితో కొలిచి? చౌకగా దొరికే చాలా గేజీలు (చైను అరుగుదల కొలిచే పనిముట్లు) రెండు రోలర్లను ఎదురెదురు దిశల్లోకి నెడతాయి. అప్పుడు పిన్ను అరుగుదలతో పాటు రోలర్ వదులు కూడా లెక్కలోకి వచ్చి, పెట్టెలోంచి తీసిన కొత్త చైను కూడా కొంత అరిగినట్టే కనిపిస్తుంది. రోలర్లను ఒకే వైపుకు నెట్టి మూడు చోట్ల ఆనే గేజీలో ఈ దోషం ఉండదు.

అది లేకపోతే స్టీలు స్కేలు చాలు. చైనును బిగువుగా ఉంచి, ఒక పిన్ను మధ్యభాగం మీద సున్నా పెట్టి 24 కీళ్ళు లెక్కపెడితే కొత్త చైనుకు సరిగ్గా 304.8 మిల్లీమీటర్లు వస్తుంది. అది 306.3 అయితే 0.5 శాతం. ఆ ఒకటిన్నర మిల్లీమీటరు కంటికి బాగానే ఆనుతుంది, స్కేలును పిన్ను అంచుకు కాక మధ్యకు పెట్టడంలోనే నైపుణ్యమంతా ఉంది. 11, 12 గేర్ల చైన్లకు 0.5, 10 గేర్లు, అంతకు తక్కువైతే 0.75 అన్నది మా పనివాళ్ళు సాధారణంగా పాటించే హద్దు. ఎదురుగాలి గారి సైకిలు నాలుగేళ్ళు తిరగడంలో ఆ 10 గేర్లకూ భాగముంది.

అన్నిటికంటే ముఖ్యం, చైనును అరగదీసేది దూరం కన్నా ఎక్కువగా మురికి. నూనెలో కలిసిన సన్నని ఇసుక పిన్నుల్లోకి దిగి సానపట్టే ముద్దలా పనిచేస్తుంది. పైపైన నూనె పోసి తుడవడమంటే ఆ ముద్దను లోపలికి నెట్టడమే. చైనును పూర్తిగా కడిగి ఆరబెట్టి, కరిగించిన పారఫిన్ మైనంలో ముంచేవారి చైన్లు నా దగ్గరికి చాలా ఆలస్యంగా వస్తాయి.

నిదానయానం:

గేజీ విషయంలో నా తప్పు ఒప్పుకుంటున్నాను. ఇన్నాళ్ళూ నేను వాడింది ఆ రెండు చోట్ల నెట్టే రకమే. నా పాత చైన్లలో కొన్ని అకాలంగానే చెత్తబుట్ట చేరి ఉంటాయి.

జోడీని విడదీయకూడదన్న వాదనకు మాత్రం నా సమాధానం వేరు. మూడు చైన్లు ఒకేసారి కొని, వంతులవారీగా ఒక్కొక్కటీ కొన్ని వందల కిలోమీటర్లు వాడితే మూడూ క్యాసెట్‌తో పాటు సమానంగా ముదురుతాయి. అప్పుడు ఏ ఒక్కటీ పళ్ళకు పరాయిది కాదు. మైనం పూసేవారికి ఇది మరీ అనువు, ఎందుకంటే ఒకటి సైకిలు మీద ఉండగా మిగతావి సిద్ధంగా వేలాడుతుంటాయి.

కొత్తవాడు:

మూడు చైన్లు ముందే కొని ఇంట్లో పెట్టుకోవడాన్నే కదా దాచిపెట్టడం అంటారు? నాలాంటివారికి ఒక్కటి కూడా దొరకని రోజుల్లో ఈ సలహా కాస్త చేదుగా ఉంది.

ఎదురుగాలి:

కొత్తవాడు గారు నా నోటి మాట అందుకున్నారు. పైగా చైనును తీసి పెడుతూ ఉండాలంటే దాన్ని కలిపే చిన్న లింకు కావాలి. 12 గేర్ల చైన్లకు షిమానో, దాని పోటీ సంస్థ స్రామ్ ఇచ్చే లింకులను ఒక్కసారే వాడాలని ఆ సంస్థలే చెబుతున్నాయి. మళ్ళీ మళ్ళీ వాడదగినవి వేరే తయారీదారుల దగ్గర ఉన్నాయి, కానీ కొరతలో ముందుగా మాయమయ్యేది ఆ చిన్న వస్తువే.

చైను ఏ సైకిలుకైనా పట్టే వస్తువన్న మాట కూడా ఇక చెల్లదు. 2019లో వచ్చిన స్రామ్ రోడ్డు 12 గేర్ల వ్యవస్థలో చైను పై అంచు చదునుగా, రోలర్లు మామూలు వాటికంటే పెద్దవిగా ఉంటాయి. దాని బదులు మామూలు చైను వేయలేరు. 2021లో షిమానో తన పై శ్రేణి రోడ్డు పరికరాలను 12 గేర్లకు మార్చినప్పుడు వాటిని ఎలక్ట్రానిక్ షిఫ్టింగ్‌తోనే తెచ్చింది, కేబుల్‌తో నడిచే 11 గేర్ల మంచి షిఫ్టర్లు ఉన్నవారికి అప్పటినుంచే గుబులు మొదలైంది. అందుకే ఎప్పుడు మార్చాలన్న ప్రశ్న కన్నా ముందు, కొనేటప్పుడే నలుగురి దగ్గరా దొరికే కొలతలు ఎంచుకున్నామా అన్న ప్రశ్న వేసుకోవాలి. మర తిప్పి బిగించే రకం బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే భాగం) ఉన్న నా పాత ఫ్రేమును చూసి నవ్వినవారే తర్వాత దాని కొలతలు అడిగారు.

నిదానయానం:

కొనేటప్పటి జాగ్రత్త గురించి అభ్యంతరం లేదు, కానీ ఇప్పటికే ఇంట్లో ఉన్న సైకిలుకు అది జవాబు కాదు. కొత్తవాడు గారి మాట మాత్రం తగిలింది. మూడు కాకుండా రెండు చైన్లతోనే వంతులు నడపవచ్చు, అంతకన్నా తగ్గడం నావల్ల కాదు. ఇంతకూ నా దగ్గర 13 పళ్ళది తప్ప మిగతావన్నీ బాగున్న ఆ పాత క్యాసెట్ ఇంకా ఉంది. దానితో ఏమైనా చేయవచ్చా?

గేరుమాట:

చేయవచ్చు, పారేయకండి. చాలా క్యాసెట్లలో పెద్ద స్ప్రాకెట్లను ఒక గుత్తిగా రివెట్ చేసినా, చిన్నవి విడివిడిగానే ఉంటాయి. లాక్‌రింగ్ (క్యాసెట్‌ను బిగించి ఉంచే వలయం) విప్పితే 11, 12, 13 పళ్ళవి మధ్యలోని స్పేసర్లతో సహా చేతిలోకి వస్తాయి. ఒకే దూరం తిరిగినప్పుడు 11 పళ్ళ చక్రంలోని ఒక్కొక్క పన్ను మీదికి చైను వచ్చే సార్లు, 50 పళ్ళ చైన్‌రింగు పన్నుతో పోలిస్తే సుమారు నాలుగున్నర రెట్లు. అందుకే చిన్న చక్రాలు ముందు పోతాయి, పెద్దవి అలాగే మిగులుతాయి. ఇంకెవరైనా పారేస్తున్న అదే నమూనా క్యాసెట్ నుంచి వారు ఎక్కువగా వాడని 13ను తీసి మీదాంట్లో వేసుకోండి. దాని ముందూ వెనుకా ఉన్న పళ్ళ సంఖ్యలు రెండు క్యాసెట్లలోనూ ఒకటేనా అని మాత్రం చూసుకోండి, ఎందుకంటే చైను ఎక్కడానికి పళ్ళ పక్కన చెక్కే వాలులు పక్క స్ప్రాకెట్‌ను బట్టే ఉంటాయి. అవి కలవకపోతే గేరు పడుతుంది గానీ కాస్త గొణుగుతుంది. లాక్‌రింగ్ బిగించేటప్పుడు 40 న్యూటన్ మీటర్లు చాలు.