శ్రమలకి (కష్టాలకి) కారణం పాపమేనా?

లంకగాలి:
మాది కోనసీమలో ఒక లంక. 2022 జూలై వరదకి అరటి తోట నీళ్లలో నానిపోయింది. నీళ్లు తీశాక బోదె పట్టుకుంటే చీకిపోయి చేతికొచ్చేసింది. ఆ నెలలోనే నాన్న పోయారు. పరామర్శకి వచ్చిన సంఘ పెద్ద ఒకాయన, “ఒప్పుకోని పాపమేదో ఉంది, పరిశీలించుకోండి” అన్నారు. అమ్మ ఆరోజు నుంచి ఆరాధనకి వెళ్లడం లేదు. ఆయన మాటకి బైబిల్లో ఆధారం ఉందాండీ?

సండేస్కూల్ మాస్టారు:
వందనాలు బ్రదర్. ఆయన అలా అనకూడదు. అయితే ఆధారమే లేదని కూడా చెప్పలేం. మనిషి ఏమి విత్తితే అదే కోస్తాడని గలతీ 6:7లో ఉంది. ద్వితీయోపదేశకాండం 28 నిండా దీవెనలు, శాపాలే. తాగి లివర్ పాడుచేసుకున్నవాడి శ్రమకి కారణం మనకి తెలీదా?

ఏటిగట్టు:
తాగినవాడి సంగతి వేరండీ మాస్టారూ. ఇక్కడ మునిగింది అరటి తోట. లంకలు ఏటిగట్టుకి నది వైపు ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగులకి చేరి మూడో హెచ్చరిక ఇచ్చేసరికి పల్లపు తోటలు ఎప్పుడో మునిగి ఉంటాయి. దీన్ని పాపం ఖాతాలో ఎలా రాస్తారు? 1996 నవంబరు 6 తుపానుకి కొబ్బరి చెట్లు మొవ్వులు విరిగి పడ్డాయి. గాలి ఎవరింటి మీద సిలువ ఉందో చూసుకుని కొట్టిందా?

యేసు ప్రభువుని కూడా ఇదే అడిగారు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు (లూకా 13). పుట్టు గుడ్డివాడి విషయంలోనూ వాడు గానీ, కన్నవాళ్లు గానీ పాపం చేయడం వల్ల కాదనే చెప్పాడు (యోహాను 9).

సండేస్కూల్ మాస్టారు:
లూకా 13లో ఆ వెంటనే “మారుమనస్సు పొందండి” అని కూడా ఉంది. అది వదిలేశారు.

ఏటిగట్టు:
నిజమే, వదిలేశాను. కానీ ఆ మాట బతికి వింటున్నవాళ్లందరికీ. చనిపోయినవాళ్ల ఇంటికెళ్లి లెక్క అడగమని కాదు.

అడగాలనిపించింది:
నేను సంఘానికి వెళ్లను, ఏమనుకోకండి. సరే, పాపం కాదు. మరి ఆపగలిగిన దేవుడు ఎందుకు ఆపలేదు? “సమస్తం మేలుకే” అనే రోమా 8:28 మాత్రం చెప్పకండి, మా వీధిలో ప్రతి చావింటి దగ్గరా విన్నదే.

ఏటిగట్టు:
నా దగ్గర జవాబు లేదండీ. బైబిల్లో ఏ తప్పూ చేయకుండానే బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబుకీ దొరకలేదు. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు మాట్లాడటం మొదలుపెట్టి తిరిగి ప్రశ్నలే వేశాడు. 88వ కీర్తన అయితే చీకట్లోనే ఆగిపోతుంది. క్రైస్తవుడిగా నాకు పట్టు దొరికేది ఒక్కచోటే: సిలువ మీద ఆయన కూడా “నన్నెందుకు చెయ్యి విడిచావు” అనే అరిచాడు. అది వివరణ కాదు, తెలుసు. రోమా 8:28 నేనూ నమ్ముతాను. పాడె లేవకముందు మాత్రం ఎవరికీ చెప్పను.

యోబు స్నేహితులు కూడా ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరెత్తలేదు. నా లెక్కలో వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. తర్వాత పాపం, శిక్ష అని మొదలుపెట్టారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీదే, 42:7 చూడండి.

లంకగాలి:
రాత్రి అమ్మకి 42:7 చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. చదివాను. “నాకెందుకురా, వెళ్లి ఆయనకి చదువు” అని దుప్పటి కప్పుకుని పడుకుంది.