‘మా రక్తంలోనే ఉంది’: డీఎన్‌ఏ, జన్యువు, క్రోమోజోమ్ ఒకటేనా?

ప్రశ్న: వెనకటికి ‘అది మా రక్తంలోనే ఉంది’ అనేవాళ్లు. ఇప్పుడు ‘మా జీన్స్‌లో ఉంది’, ‘మా డీఎన్‌ఏలో ఉంది’ అంటున్నారు. వార్తల్లోనూ డీఎన్‌ఏ, జన్యువు, క్రోమోజోమ్ ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. అలా రాయొచ్చాండీ?

జవాబు: మాటవరసకి ఏదన్నా ఫర్వాలేదు కానీ, జబ్బుల గురించి రాసేటప్పుడు మాత్రం కలిపేయకూడదండీ. డీఎన్‌ఏ అనేది పొడవాటి దారంలాంటి అణువు. అది ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉన్న రూపమే క్రోమోజోమ్. ఆ దారంలో, ఫలానా ప్రొటీన్‌ని ఎలా తయారుచేయాలో రాసి ఉన్న ముక్క జన్యువు. మనకి తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 క్రోమోజోములు వస్తాయి. ప్రొటీన్ల జన్యువులు సుమారు 20,000.

సికిల్‌సెల్ జబ్బునే తీసుకోండి. 11వ క్రోమోజోమ్ మీద హిమోగ్లోబిన్‌కి సంబంధించిన ఒక జన్యువు ఉంది. డీఎన్‌ఏ రాత అంతా ఎ, టి, జి, సి అనే నాలుగు రసాయన అక్షరాలతోనే. అందులో ‘ఎ’ ఉండాల్సిన చోట ‘టి’ పడుతుంది, అంతే. ఆ ఒక్క అక్షరంతో ఎర్రకణం కొడవలిలా వంకర తిరుగుతుంది. జబ్బు కనిపించేది రక్తంలోనే అయినా, పూర్తిగా ఎదిగిన ఎర్రకణంలో డీఎన్‌ఏ ఉండే కేంద్రకమే ఉండదు, ఆ జన్యువూ ఉండదు! అది పనిచేసేది ఆ కణాల్ని పుట్టించే ఎముక మజ్జలో.

ప్రశ్న: మరి అమ్మానాన్నలకి లేని జబ్బు బిడ్డకెలా వస్తుంది?

జవాబు: దాదాపు ప్రతి జన్యువూ జంటగానే ఉంటుంది. సికిల్‌సెల్ లాంటి జబ్బుల్లో, జంటలో ఒకటి మారినా రెండోది బాగుంటే మనిషి సాధారణంగా మామూలుగానే ఉంటాడు. బిడ్డకి అందేది జంటలో ఒక్కటే. ఇద్దరి నుంచీ మారినదే వస్తే జబ్బు వస్తుంది. అమ్మానాన్నలిద్దరిలోనూ జంటలో ఒక్కొక్కటి మారి ఉంటే, అందుకు నాలుగో వంతు అవకాశం ఉంది. ప్రతి కాన్పుకీ అదే లెక్క. మొదటి బిడ్డకి వచ్చింది కదా, ఇక రెండో బిడ్డకి రాదులే అనుకోవడానికి లేదు.

ఇంకొక్క మాట. పుట్టుకతోనే వచ్చి, ఎదుగుదలని, నేర్చుకోవడాన్ని నెమ్మదింపజేసే డౌన్ సిండ్రోమ్‌ని ‘జన్యువు చెడిపోవడం’ అని రాయకండి. అక్కడ ఏ జన్యువూ చెడిపోలేదు, చాలామందిలో 21వ క్రోమోజోమ్ మొత్తంగా ఒకటి ఎక్కువ ఉంటుంది. చాలావరకు అది వంశపారంపర్యమూ కాదు. మనం అజాగ్రత్తగా రాసే ఒక్క మాటతో, ‘ఎవరి వైపు నుంచి వచ్చింది’ అని ఆ తల్లిని, తండ్రిని నిలదీసేవాళ్లు తయారవుతారు.