డీఎంబీ0099 తర్వాత డీఎంబీ0100 రావాలె, జావాలో ఎట్ల?

మిర్చి_లాట్: ధర్మాబాద్‌ల ఒక అడ్తి దుకాణానికి బిల్లింగ్ రాస్తున్న. ఆఖరి బిల్లు కోడ్ తీసుకొని, సబ్‌స్ట్రింగ్‌తో అంకెలు విడదీసి, పార్స్‌ఇంట్ చేసి ఒకటి కలుపుతున్న. డీఎంబీ100 వస్తున్నది. ముందటి సున్నా ఎటు పోతున్నది?

బాసర_రోడ్: పార్స్‌ఇంట్ చేసినంక అది సంఖ్య తమ్మీ. 0099 అయినా 99 అయినా దానికి ఒకటే. స్ట్రింగ్.ఫార్మాట్‌ల "%04డి" పెట్టు, నాలుగంకెలయ్యేదాంక ముందట సున్నాలు నింపుతది. అయిపాయె.

నాందేడ్_కోడర్: అయిపోలే. మా దిక్కు కంప్యూటర్లల్ల భాష మరాఠీ పెట్టుకుంటరు. ఫార్మాట్‌కు లొకేల్ (ఏ భాష, ఏ దేశం పద్ధతి అనేది) చెప్పకపోతే అదే తీసుకుంటది. జావా 9 నుంచి మరాఠీ లొకేల్‌ల అంకెలు దేవనాగరిల వస్తయి. లొకేల్.రూట్ (ఏ భాషకూ చెందనిది) అని ఖచ్చితంగ రాయాలె. ఒక దుకాణంల బిల్లులు గిట్లనే అచ్చయినయని నాకు రావాల్సిన పైసలు ఆపిండ్రు, ఇప్పటిదాంక ఇయ్యలే.

రాజూరా_లైన్: రెజెక్స్‌తో (నమూనా ఇచ్చి అక్షరాలు వెతుకుడు) చివరి అంకెల గుంపునే పట్టుండ్రి. లేకుంటే కోడ్‌ల సంవత్సరం ఉన్నప్పుడు అది కూడ మారుతది.

నాందేడ్_కోడర్: రెజెక్స్‌ల అంకెకు రాసే \డి గుర్తు దేవనాగరి అంకెను పట్టదు, పార్స్‌ఇంట్ మాత్రం చదువుతది. లొకేల్ లొకేల్ అని అందుకే మొత్తుకుంటున్న.

బాసర_రోడ్: ప్రతి ముచ్చటకు లొకేల్ తెస్తవేందన్నా! 9999 దాటితే ఏమైతదో చెప్పు. "%04" అంటే కనీస వెడల్పే, 10000కు ఐదంకెలు అయితయి. అక్షర క్రమంల 1 ముందు, 9 ఎనక. "అన్నిటికన్న పెద్ద కోడ్ ఏది" అని డేటాబేస్‌ను అడిగితే ఎప్పటికీ డీఎంబీ9999నే ఇస్తది, నువ్వు మళ్ల మళ్ల 10000 తయారు చేస్తవు. మొదలే ఆరంకెలు పెట్టుకోవాలె.

గల్లా_లెక్క: అసలు పాత కోడ్‌ను చీల్చి కొత్తది చేసుడెందుకు? ఇద్దరు గుమాస్తాలు ఒక్కసారే బటన్ నొక్కితే ఇద్దరూ 0099 చదువుతరు, ఇద్దరికీ 0100 వస్తది. సంఖ్యను వేరే కాలమ్‌ల దాచుండ్రి, సీక్వెన్స్‌తో (డేటాబేసే తరువాతి నంబరు ఇచ్చేది) తీయుండ్రి. కోడ్ చూపెట్టేతందుకే.

బాసర_రోడ్: సీక్వెన్స్ అనుడు అల్కగనే ఉంటది అక్కా. బిల్లు రాసుడు నడుమల ఆగి రోల్‌బ్యాక్ (చేసింది వాపస్) అయితే తీసిన నంబరు వాపస్ రాదు, నడుమ ఖాళీ పడ్తది. జీఎస్టీ రూల్ 46ల వరుస నంబరు ఉండాలె అని ఉన్నది, 16 అక్షరాలు దాటొద్దని కూడ ఉన్నది. మా బాపు దుకాణంల ఒక్క నంబరు తప్పిపోయిందని ఎంత తిప్పలు పెట్టిండ్రో నేను కండ్లార చూసిన. ఆడిటర్ ముందట నిలబడేది ప్రోగ్రామర్ కాదు, దుకాణపాయన!

గల్లా_లెక్క: గిప్పుడు అసలు సంగతి బయటపడ్డది. నీకు కావాల్సింది ఖాళీ లేని వరుస, అది స్ట్రింగ్‌ను చీలిస్తే రాదు. ఆఖరి నంబరు దాచేతందుకు కౌంటర్ టేబుల్ అని ఒకటి చేసి, దాంట్ల ఒక్క రో పెట్టు. బిల్లు రాసే ట్రాన్సాక్షన్‌లనే (అయితే అంత అయితది, లేకుంటే ఏదీ కాదు) దాన్ని లాక్ చేసి పెంచు. బిల్లు రాసుడు నడుమల ఆగితే నంబరు గూడ ఎనకకు పోతది. ఒక్క కోడ్ రెండుసార్లు రాకుండ కోడ్ కాలమ్ మీద యునీక్ పెట్టుడు మరువకు.

బాసర_రోడ్: లాక్ పెడితే రెండో గుమాస్తా ఆగాలె. మిర్చి సీజన్‌ల రైతులు లైన్ల నిలబడి ఉంటరు, ఎట్ల ఆగుతరు?

గల్లా_లెక్క: ఒక్కో బిల్లుకు లాక్ రెప్పపాటే. అది గూడ వద్దంటే గుమాస్తాకొక సిరీస్ ఇయ్యి, రూల్ 46 ఒకటికన్న ఎక్కువ సిరీస్‌లు ఒప్పుకుంటది.

బాసర_రోడ్: రెండు సిరీస్‌లంటే రెండు పుస్తకాలు. ఏ సేఠ్ ఒప్పుకోడు.

మిర్చి_లాట్: మా సేఠ్ ఒక్క వరుసనే కావాలంటున్నడు. కౌంటర్ టేబుల్, లాక్, ఆరంకెలు, లొకేల్.రూట్ పెడుతున్న. ఇగ పాత బిల్లులు నాలుగంకెలతోని ఉన్నయి కదా, వాటిని అట్లనే ఉంచి ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త సిరీస్ మొదలు పెట్టొచ్చా?

గల్లా_లెక్క: పెట్టొచ్చు. అచ్చయిన బిల్లు నంబరును మాత్రం ముట్టుకోకు.