మిద్దె మీది టేకు డెక్‌కు స్టెయిన్ వేయాలి, తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. అమ్మానాన్నలు సాయంత్రం పూట కూర్చునేందుకని మిద్దె పైన టేకు పలకలతో డెక్ వేయించాం. అప్పుడు కొట్టిన వార్నిష్ ఇప్పుడు పెచ్చులుగా లేస్తోంది. గోటితో గీరితే చేప పొలుసుల్లా ఊడొస్తుంది, కింద చెక్క బూడిద రంగుకు తిరిగింది. ఇనుప మేకుల చుట్టూ నల్లమరకలు.

మా ఎండల సంగతి తెలిసిందే, మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. అందుకే పైన పొరకట్టే వార్నిష్ కన్నా చెక్కలోకి ఇంకే ఆయిల్ స్టెయినే మేలని నా నమ్మకం. పెయింటరేమో పాతదాని మీదే ఇంకో కోటు కొడితే చాలంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.

మొదట 80 నంబరు ఉప్పుకాగితంతో, తర్వాత 120తో రుద్దించాలనుకుంటున్నా. మరీ నున్నగా చేస్తే స్టెయిన్ సరిగా ఇంకదు కదా. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, ముందు థిన్నర్‌తో తుడవాలా? మేకుల మరకలకు ఆక్జాలిక్ యాసిడ్ వాడినవాళ్లున్నారా? నీళ్లలో ఎంత కలిపారు, కడిగాక ఎన్నాళ్లు ఆరబెట్టారు? పలకల సందుల్లో రుద్దే మెషీన్ దూరదు, అక్కడి వార్నిష్ ఎలా తీశారు?

అమ్మ ఒట్టికాళ్లతో నడుస్తుంది, పేళ్లు గుచ్చుకుంటాయేమోనని నా భయం. తిరుపతి, చిత్తూరు వైపు ఆరుబయట చెక్కకు వేసి, రెండు మూడేళ్లయినా నిలిచిన స్టెయిన్ ఉంటే పేరు, దొరికే చోటు చెప్పగలరు. వానలు మొదలయ్యేలోగా పని ముగించాలి.