కాలిన పుండు చెడిందని కట్టు విప్పగానే తెలిసే దారి ఉందా?

పలాస అబ్బాయి:
మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పిక్కలు ఉడికించే డ్రమ్ము మూత తీస్తుంటే ఆవిరి కొట్టి ముంజెయ్యి కాలింది. ఐదో రోజు కట్టు విప్పితే గాజుగుడ్డ అంచున లేత ఆకుపచ్చ మరక, మగ్గిన ద్రాక్షపళ్ల లాంటి తియ్యటి వాసన. స్వాబ్ (పుండు మీద దూదిపుల్ల రాసి తీసే నమూనా) తీసి ల్యాబుకి పంపారు, రిపోర్టు మూడు రోజులకి గానీ రాలేదు. ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. లైటు వేసి బ్యాక్టీరియాని చూపించే కెమెరాలు ఉన్నాయట, నిజమేనా?

రాజాం నర్సు:
ఆ రంగూ వాసనా చాలావరకు సూడోమోనాస్ అనే బ్యాక్టీరియావి, తమ్ముడూ. కాలిన పుండులో మేము ఎక్కువ భయపడేది దానికే. కానీ మరక కంటికి కనిపించేసరికే అది బాగా పెరిగిపోయి ఉంటుంది. వార్డులో నన్ను బాధపెట్టేది ఇదే.

బొబ్బిలి బయోటెక్:
నిజమే అన్నా. గదిలో లైట్లు ఆర్పి 405 నానోమీటర్ల ఊదా కాంతి వేస్తారు. చాలా రకాల బ్యాక్టీరియాలో పోర్ఫిరిన్లు అనే పదార్థాలు ఉంటాయి, అవి ఎర్రగా మెరుస్తాయి. సూడోమోనాస్ వదిలే పయోవెర్డిన్ అనే రంగు పదార్థం నీలం కలిసిన ఆకుపచ్చగా వెలుగుతుంది. రంగు వేయక్కర్లేదు, పుండుని తాకక్కర్లేదు, అక్కడికక్కడే ఫొటో. కాకపోతే మిల్లీమీటరున్నర లోతు వరకే కనిపిస్తుంది. రామన్, ఇన్‌ఫ్రారెడ్ ఇమేజింగ్ అనే కాంతి పద్ధతులు ఇంకో అడుగు ముందు: ఫొటోలో ఒక్కో చుక్క దగ్గరా ఏ రసాయనం ఉందో స్పెక్ట్రమ్ (అక్కడి కాంతిని విడదీసి చూపే గీత) చెబుతుంది. అది ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉంది.

విజయనగరం అమ్మ:
గంజి ఒలికి మా పాప తొడ కాలింది. పుండు మీద తెల్లటి సిల్వర్ క్రీము ఉంది. అలాగే ఫొటో తీయొచ్చా?

రాజాం నర్సు:
వద్దమ్మా. క్రీమూ రక్తమూ అడ్డొస్తే వెలుగు సరిగా కనిపించదు. ముందు సెలైన్‌తో మెత్తగా కడగాలి. స్వాబ్ కూడా కడిగాకే తీయాలి, లేకపోతే పైన పేరుకున్న చీములో ఉన్నదే వస్తుంది. ఇంకో మాట, స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఎర్రగా మెరవదు. అందుకని ఫొటోలో ఏమీ లేదని ధైర్యపడిపోకండి. జ్వరం వచ్చినా, పుండు చుట్టూ ఎరుపు పాకినా, పాప పాలు మానేసినా ఆ రాత్రికే తీసుకెళ్లండి.

పలాస అబ్బాయి:
అలాంటి కెమెరా ఉంటే ఇక కల్చర్ (స్వాబ్‌లోని బ్యాక్టీరియాని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) ఎందుకక్కా?

రాజాం నర్సు:
ఏ మందుకి లొంగుతుందో కల్చరే చెప్పాలి. పుండులో ఏ మూల నుంచి స్వాబ్ తీయాలో ఫొటో చూపిస్తుంది.

పలాస అబ్బాయి:
అమ్మకి మందు మార్చారు, వాసన పోయింది. రేపు మళ్లీ కట్టు విప్పుతారు. కడిగాకే స్వాబ్ తీయమని అడుగుతాను.