పక్షవాతం తర్వాత బీపీ: నెలనెలా ఆసుపత్రికా, ఇంట్లో చూసి ఫోన్‌లో చెబితే చాలా?

పల్నాడు_పెద్దోడు: నాన్నకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. ఎడమ చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. బీపీ చూపించడానికి నెలనెలా గుంటూరు. ఆటో, బస్సు, మళ్ళీ ఆటో. మూడు గంటలు కూర్చుంటే లోపల మూడు నిమిషాలు. ఇంట్లోనే చూసి రీడింగులు పంపితే సరిపోదా?

వంటింటి_కిటికీ: సరిపోదు. ఇంటి మిషన్లని నమ్మకండి. మా మావయ్యగారికి రాత్రి 118 చూపించింది, పొద్దున ఆసుపత్రిలో 170.

వార్డు_డ్యూటీ: రెండూ నిజమే కావచ్చండీ. క్యూలో నిలబడి, తెల్లకోటు చూస్తే పెరిగేవాళ్ళున్నారు. ఇంట్లో 5 నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. చొక్కా మీద పట్టీ కట్టొద్దు. పడిపోయిన చేతికి కాదు, బాగున్న చేతికే. చాలామందికి 130/80 లోపు ఉండాలంటారు.

వంటింటి_కిటికీ: అది సరే, భుజానికి కట్టే మిషనా, మణికట్టుకా? అది చెప్పరేం?

వార్డు_డ్యూటీ: భుజానిదే. పట్టీ చిన్నదైతే ఎక్కువ చూపిస్తుంది.

గుండ్రాయి: ముందు ఆవకాయ మాన్పించండి.

డల్లాస్_తెలుగు: మా అమ్మ రీడింగులు రోజూ నా వాట్సాప్‌కి వస్తాయి. డాక్టర్‌గారు వీడియోలోనే మాత్ర మార్చారు. 2020 నుంచి ఫోన్ వైద్యానికి మార్గదర్శకాలున్నాయి, ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని ఉచితం. ఇంకా బస్సులెందుకండీ?

వంటింటి_కిటికీ: మాత్ర మార్చాక కళ్ళు తిరిగి పడితే లేపేదెవరు, డల్లాస్ నుంచి మీరా? మావయ్యగారికి ఫోన్‌లోనే డోసు పెంచారు. నిలబెట్టి చూసినవాళ్ళు లేరు. బాత్రూమ్‌లో పడ్డారు, తుంటి ఎముక విరిగింది.

డల్లాస్_తెలుగు: ఆ మాట అనకండి. ఖర్చంతా నాదే.

వంటింటి_కిటికీ: డబ్బు ఎవరడిగారు? మా మరిదీ పంపుతాడు. గ్రాఫు గీసి మరీ ‘వదినా, ఉప్పు ఎక్కువేస్తున్నావా’ అంటాడు. ఎనిమిదేళ్ళుగా మావయ్యగారికి అన్నం కలిపేది నేను. ఒక్కసారైనా ‘నువ్వు పడుకున్నావా’ అని అడగలేదు.

వార్డు_డ్యూటీ: డోసు మార్చినప్పుడు కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి 1 నిమిషానికి, 3 నిమిషాలకి చూడాలి. పై అంకె 20 తగ్గితే డాక్టర్‌కి వెంటనే చెప్పాలి. ఆ సౌకర్యం ఉంటే ఫోన్ పద్ధతి తప్పేం కాదు. మూతి వంకర పోయినా, మాట తడబడినా మాత్రం ఫోన్‌లో సలహాలు కాదు, 108.

పల్నాడు_పెద్దోడు: నిజం చెప్పాలంటే ఈ ఫోన్ పద్ధతి మా తమ్ముడి ఆలోచన. వాడు హైదరాబాద్‌లో ఉంటాడు. ఆదివారం వస్తున్నాడు. పట్టీ వాడి చేతికే ఇచ్చి నాన్నని నిలబెట్టమంటా.